విశాఖ రేవులో చూడదగినది
(గ్రంథాలయ సభలో చేసిన ఉపన్యాసము)

విశాఖపట్టణమునకు పోయివచ్చినవారిని ఏమి చూచితిరని యడిగినచో, సముద్రమును, రామకృష్ణా బీచిలో ఇసుకపై నిలిపిన కురుసుర జలాంతర్గామిని చెప్పుదురు. మేమును దానిలోనికి పోయి, తల వంచుకొని ఈ కొననుండి ఆ కొనకు నడచితిమి. 1969లో సోవియట్ దేశమున మన నౌకాదళమునకు చేరి, 2001 వరకు కొలువు చేసి, 2002లో ప్రదర్శనశాలయైన యోడ యది. పిల్లలకు తప్పక చూపదగినదే. కాని విశాఖకు పోయి అంతటితో మరలివచ్చుట, కోవెలకు పోయి ధ్వజస్తంభమును మాత్రము చూచి వచ్చుట వంటిది.

రేవుకడకు పొండు. అచట మూడు కొండలు గలవు. ఒకదానిపై వేంకటేశ్వరుడు, ఒకదానిపై దర్గా, మూడవదానిపై మేరీమాత గుడి. డాల్ఫిన్స్ నోస్ అను కొండప్రక్క సన్నని మార్గమున ఓడలు లోనికి వచ్చుచుండును. రెండు పాత ఓడలను సముద్రమున ముంచి అలలకు అడ్డుకట్ట వేసి, ఉప్పుటేటి బురదను త్రవ్వి ఈ రేవును కట్టిరి. 1933 అక్టోబరు 7న వర్తకమునకు రేవు తెరచినపుడు లోనికి వచ్చినది సింధియా కంపెనీవారి జలదుర్గ. రేవు దొరలది, ఓడ మనవారిది!

ఈ సింధియావారే 1919లో బొంబాయినుండి లండనుకు తమ మొదటి యోడను నడపిరి. దాని పేరు లాయల్టీ, అనగా రాజభక్తి. పేరున భక్తియే గాని, పని తెల్లకంపెనీలతో పోటీ! అయినను అది కొన్న యోడ. మన యోడలను మనమే కట్టుకొనవలెనని వాల్‌చంద్ హీరాచంద్‌గారు పట్టుబట్టిరి. 1941 జూన్ 21న ఈ రేవులో నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. ఏలిక యాంగ్లేయుడు, పునాదిరాయి వేసినది కాంగ్రెసు నాయకుడు. మరుసటి యేట ఏప్రిల్ 6న జపానువారి బాంబులు విశాఖపై పడెను. పని కుంటుపడెను గాని చావలేదు. 1948 మార్చి 14న ఎనిమిదివేల టన్నుల జలఉష నీటిలోనికి జారెను. జారవిడిచినది నెహ్రూగారు. స్వరాజ్యము వచ్చి అప్పటికి ఏడు నెలలు.

1952లో ఆ కర్మాగారము ప్రభుత్వపరమై హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయినది. 2009 జూలై 26న అరిహంత్ అను అణు జలాంతర్గామి ఈ విశాఖలోనే నీట దిగినది. తీరమున టిక్కెట్టు కొని మనము చూచునది పరదేశమున కట్టినది. మనవారు కట్టినది గోడలవెనుక నున్నది. రక్షణవిషయము గనుక అది న్యాయమే. కాని జలఉష మాటయో? కురుసుర యెదుట బారులు తీరిన మనవారిలో ఆ పేరు విన్నవారెందరు? ఈసారి పోవువారు సాయంకాలము మేరీమాత కొండనెక్కి, దిగువ మార్గమున పోవు ఓడలను చూచుచు, వెంటనున్న పిల్లలకు ఆ కథ చెప్పుడు.