వాక్యం మారినా అర్థం మారకూడదు



పదో తరగతి పిల్లలకు సాయంత్రం పూట మేం చెప్పే ఇంగ్లీషు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఒక్క అంశమే తీసుకుంటాం: అర్థం చెడకుండా వాక్యాన్ని మరో రూపంలోకి మార్చడం. యాక్టివ్‌ను పాసివ్ చేయడం, ఇఫ్‌ను అన్‌లెస్ చేయడం, ఇలాంటివి. మీలో చాలామంది రెన్ అండ్ మార్టిన్ ముందేసుకుని చేసిన పనే. మార్కులొచ్చాక మరిచిపోయి ఉంటారు.

మన జుక్కల్ పిల్లలకు ఇందులో ఒక చిక్కు ఉంది, ఒక సౌకర్యమూ ఉంది. మహారాష్ట్ర, కర్ణాటక రెండూ పక్కనే కాబట్టి ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, మధ్యలో మరాఠీ, కన్నడ వింటూ పెరుగుతారు. అన్‌లెస్ అనగానే మన పిల్లలు 'అన్‌లెస్ యూ డు నాట్ స్టడీ, యూ విల్ నాట్ పాస్' అని రాస్తారు. ఎందుకు? ఉర్దూలో 'జబ్ తక్ నహీ పఢోగే, పాస్ నహీ హోగే' అంటాం. రెండు చోట్లా 'నహీ' ఉంది. మరాఠీ 'జోపర్యంత్' కూడా వెంట ఒక 'నాహీ'ని తెచ్చుకుంటుంది. అన్‌లెస్‌లో కాదనడం ముందే కలిసి ఉంది, మరో నాట్ పెడితే అర్థం తిరగబడుతుంది. ఇక్కడ తెలుగు సాయానికి వస్తుంది. 'చదివితే తప్ప పాసవ్వవు.' చదివితే అన్న మాటలో లేదనడం లేదు, ఆ పని 'తప్ప' చేస్తోంది. అచ్చంగా అన్‌లెస్ కూర్పే. ఇది పట్టుకున్న పిల్ల మళ్లీ ఆ తప్పు చేయదు. గైడులోని సూత్రం వందసార్లు రాయించినా రానిది ఇలా వస్తుంది.

గోదావరి దక్షిణ భారతంలో అన్నిటికన్నా పొడవైన నది. దాన్ని 'లాంగర్ దాన్ ఎనీ రివర్' అని రాస్తే మార్కు పోతుంది. 'ఎనీ అదర్' అనాలి. లేకుంటే గోదావరి తనకన్నా తానే పొడవు అన్నట్టు. పిల్లలు నవ్వుతారు, గుర్తుంటుంది.

అసలు సంగతి పాసివ్. అర్థం మారదని మేమే చెబుతాం గాని, 'బై' తీసేస్తే చేసినవాడు మాయమవుతాడు. దాతల్లో పేరు వద్దనేవారికి 'బుక్స్ వర్ గివెన్' అని ఆపేయడం మర్యాదే. గల్ఫ్ కాంట్రాక్టులో మాత్రం అది మర్యాద కాదు. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల నుంచి ఎంతమంది దుబాయి, సౌదీ వెళ్లారో మీకు చెప్పక్కర్లేదు. 'ది కాస్ట్ ఆఫ్ ది టికెట్ విల్ బి డిడక్టెడ్' అని ఒక లైను ఉంటుందనుకోండి. యాక్టివ్‌లోకి మార్చమంటే పిల్లవాడు ఆగిపోతాడు. ఎవరు కోస్తారు? కంపెనీయా, ఏజెంటా? ఏ నెల జీతంలోంచి? గైడులో అయితే 'సమ్‌బడీ' అని రాస్తారు. పరీక్షకు అది చాలు, నాన్న సంతకానికి చాలదు. 'ఓవర్‌టైమ్ విల్ నాట్ బి పెయిడ్ అన్‌లెస్ అప్రూవ్డ్ ఇన్ అడ్వాన్స్' అన్నదాన్ని 'ఓన్లీ ఇఫ్' పెట్టి తిప్పి చదివితే సంగతి బయటపడుతుంది: ముందే ఒప్పుకోలు లేకుండా చేసిన గంటలకు పైసా రాదు.

2022-23లో సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఇప్పుడు లెక్కల ప్రశ్నా ఇంగ్లీషులోనే. ప్రశ్న తిప్పి అడిగితే లెక్క వచ్చిన పిల్ల కూడా తడబడుతోంది. అందుకే ఈ గంట మానలేం.

గైడులు కొనివ్వకండి, అవి చాలానే ఉన్నాయి. ప్రతి ఇద్దరికీ ఒక మంచి డిక్షనరీ, వారానికి ఇంకో రెండు రోజులు చెప్పే మాస్టరు జీతం కావాలి. ఇంకో చిన్న కోరిక. మీ ఇళ్లలో పాత వీసా కాంట్రాక్టులు, బ్యాంకు అప్పు ఫారాలు, ఆస్పత్రి ఒప్పుకోలు కాగితాలు ఉంటే పేర్లు, నంబర్లు కొట్టేసి జిరాక్సులు పంపండి. మా పిల్లలు వాటిని తిప్పి రాస్తారు.