శాంతి చెరసాలలోను లభించును
(ములకలపల్లిలో చేసిన ప్రసంగ పాఠము)



మనశ్శాంతి కావలెనన్న అడవికి పోవలెనని పట్టణవాసులు తలంతురు. అడవి అంచుననే నివసించు మీకు ఆ మాట నవ్వు పుట్టింపక మానదు. వాన వెనుకబడినను, పంట ధర పడిపోయినను, గట్టు తగవు ముదిరినను ఇచ్చటను నిద్ర పట్టదు గదా! శాంతి స్థలమును బట్టి వచ్చునది కాదని మేము మనవి చేయుచున్నాము.

ఇందుకు మన పొరుగుననే నిదర్శనము కలదు. 17వ శతాబ్దమున నేలకొండపల్లిలో జన్మించిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా ఉండెను. భద్రాచలమున రామాలయము కట్టించుటకు సర్కారు పైకము వినియోగించెనను అభియోగముపై ఆయనను గోల్కొండ కోటలో బంధించిరి. ఆ చెర 12 ఏండ్లు సాగెనని చెప్పుదురు. రామనామ స్మరణయే అచ్చట ఆయనకు తోడు. ఆయనయే మన భక్త రామదాసు.

రామదాసు తన బాధను దాచుకొనలేదు. తాను చేయించిన నగల లెక్కలు ఏకరువు పెట్టి రామునే నిలదీసెను. పిదప నొప్పి కోర్వలేక నోరు జారితినని వేడుకొనెను. కోపము వచ్చినది, వచ్చినదని తానే గుర్తించెను, మరల నామమునకు మరలెను. దీనినే పెద్దలు ఎరుక యనిరి.

మనస్సు ఎటు పరుగిడినను అటనుండి మరల్చి తెచ్చుకొనవలెనని భగవద్గీత ఆరవ అధ్యాయము బోధించుచున్నది. చేలో పడిన ఆవును కాపరి ఎన్నిమార్లయినను మందకు తోలుకొని వచ్చును గాని విసిగి విడిచిపెట్టడు. మనస్సును అట్లే మరల్చుకొనవలెను.

వేకువన పనికి పోవుటకు ముందు 10 నిమిషములు వెన్ను నిటారుగా నిలిపి కూర్చుండుడు. శ్వాస వచ్చిపోవుటను గమనింపుడు. రాముడైనను, శివుడైనను, సమ్మక్క తల్లియైనను, మీ ఇష్టదైవమును స్మరింపుడు. నాటు వేయుచున్నను, తునికాకు కోయుచున్నను చేతిలోని పనిమీదనే దృష్టి నిలుపుడు, అదియు ధ్యానమే. గట్టు కడ మాట పెరిగినప్పుడు బదులు పలుకక ముందు మూడు శ్వాసలు లెక్కింపుడు. కోర్టు మెట్లెక్కవలసిన తగవు ఆ మూడు శ్వాసలలోనే చల్లారవచ్చును.

ధ్యానము అప్పు తీర్చదు, వాన కురిపింపదు. చేయవలసినది ఆలోచించుటకు నిబ్బరమును ఇచ్చును. దినముల తరబడి నిద్ర లేక బ్రతుకుపై ఆశ సన్నగిల్లినవారు మాత్రము వైద్యుని తప్పక చూడవలెను. అందు సిగ్గుపడవలసినదేమియు లేదు.

రేపటి వేకువనే ప్రారంభింపుడు.