చెప్పుకోలేని చోట



ఆహ్వానపత్రికలో నా ప్రసంగం పేరు ‘హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఒక రకం క్యాన్సర్’ అని అచ్చయింది. నేను రాసి పంపింది ‘మలద్వార క్యాన్సర్’. కార్యకర్తల మీద నాకు కోపం లేదు. కార్డు నలుగురి ఇళ్లకూ వెళ్తుంది, ఆ మాట బాగుండదనుకున్నారు. ఉపన్యాసానికి ఇంతకంటే మంచి ఎత్తుగడ నాకు దొరకదు కనుక ఆ కార్డు జేబులో పెట్టుకునే వచ్చాను.

పొద్దున నాంపల్లి స్టేషన్ దగ్గర ఆటో దిగి కాసేపు నడిచాను. మీరూ చూసే ఉంటారు, గోడల మీద, కరెంటు స్తంభాల మీద బోర్డులు: మొలలు, లూటీ, భగందరం, ఆపరేషన్ లేకుండా గ్యారంటీ. తెలుగునాట ఆసనం గురించి బాహాటంగా మాట్లాడే సాహిత్యం అదొక్కటే. అక్కడి నుంచి రెడ్‌హిల్స్ వైపు నడిస్తే మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955 నుంచి ఉన్న క్యాన్సర్ ఆస్పత్రి. బోర్డు నుంచి ఆస్పత్రికి పావుగంట నడక. నేను చూసిన కొందరు రోగులకు ఆ దూరం దాటడానికి రెండేళ్లు పట్టింది.

అలాంటి ఒకాయన సంగతి చెప్తాను. ఊరూ పేరూ అక్కర్లేదు. భార్యతో వచ్చాడు, కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. “మొలలు సార్. రెండేండ్లాయె. కూసుంటే నొస్తది” అన్నాడు. ఆమె కొంగు ముడి విప్పి, అంతవరకు వాడిన పూతమందు ట్యూబులు ఐదు బల్ల మీద వరసగా పెట్టింది. ఐదూ చివరిదాకా పిండినవే. వేరే మందులేమైనా వాడుతున్నావా అని అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఆయన సంచిలోంచి తెల్ల ప్లాస్టిక్ డబ్బా తీశాడు. లేబుల్ గోటితో గీకేసి ఉంది. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు. తొమ్మిదేళ్లుగా ఒక్క పూట తప్పలేదట. ఆ రెండేళ్లలో ఒక్కరైనా గ్లవ్ వేసుకుని వేలితో పరీక్ష చేశారా అని అడిగాను. “లేదు సార్, నేనే సూపియ్యలే” అన్నాడు. తప్పు తన మీదే వేసుకున్నాడు. నేను చూస్తే వేలికి రాయిలా తగిలింది.

ఇక లెక్కలు. మామూలు జనంలో లక్ష మందిని ఏడాది గమనిస్తే ఈ క్యాన్సర్ వచ్చేది ఒకరికో ఇద్దరికో. హెచ్‌ఐవీ ఉండి, పురుషులతో సంబంధాలున్న మగవారిలో 85 మందికి. అక్కడే ఆగిపోయి ‘అది వాళ్ల జబ్బు’ అనేవారి కోసం మిగతా రెండు అంకెలు కూడా చెప్పాలి. హెచ్‌ఐవీ ఉన్న తక్కిన మగవారిలో 32, ఆడవారిలో 22. ఇవి 2021లో అనేక దేశాల అధ్యయనాలను కలిపి తేల్చినవి. 2021 అంచనాల ప్రకారం హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో మూడు లక్షలకు పైన, తెలంగాణలో లక్షన్నర దాకా. మన దగ్గర ఆ వైరస్ ఎక్కువగా భర్త నుంచి భార్యకు పాకిన దారి మీకు తెలుసు. కాబట్టి ఇది మన ఇళ్లలోని మాట.

కారణం హెచ్‌పీవీ అనే వైరస్, ముఖ్యంగా అందులో 16వ రకం. గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సర్ తెచ్చేది కూడా ఇదే. రెండు చోట్లా రెండు రకాల పొరలు కలిసే అంచు ఒకటి ఉంటుంది, వైరస్ అక్కడ కాపురం పెడుతుంది. రోగనిరోధక శక్తి బాగుంటే దాన్ని ఒంట్లోంచి వెళ్లగొడుతుంది, ఆ శక్తినిచ్చే సీడీ4 కణాలు తరిగినవారిలో అది తిష్ఠ వేస్తుంది. 2008 నోబెల్ వైద్య బహుమతిని సగం హెచ్‌పీవీ సంగతి తేల్చిన హరాల్డ్ త్సుర్ హాసెన్‌కూ, సగం హెచ్‌ఐవీని కనుగొన్న బారే సినూసీ, మోంటాన్యేలకూ పంచారు. ఆ రెండు వైరస్‌లు స్టాక్‌హోంలో ఒకే వేదిక ఎక్కాయి. మన ఆస్పత్రుల్లో మాత్రం ఒకదాని గది వేరు, రెండోదాని గది వేరు.

2004 ఏప్రిల్ 1న దేశంలో ఉచిత ఏఆర్‌టీ మొదలైంది. అంతకు ముందు ఈ క్యాన్సర్ ఎదిగేంత కాలం మనిషే బతికేవాడు కాదు. ఇది నిదానంగా, ఏళ్ల తరబడి ముదిరే జబ్బు. మందులు మనిషికి ఆయుష్షు ఇచ్చాయి, దీనికి వ్యవధీ ఇచ్చాయి. అందుకని మందుల్ని తిట్టకూడదు. ఆ మందులు మానకుండా వేసుకున్నవారికి క్యాన్సర్ చికిత్స ఫలితం దాదాపు మిగతావారితో సమానంగా ఉంటున్నదని చాలా అధ్యయనాలు చెప్తున్నాయి. అమెరికా లెక్కల్లో, పుట్టిన చోటే ఉండగా పట్టుకుంటే ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు నూటికి ఎనభై మందికి పైనే. దూరపు అవయవాలకు పాకాక మూడో వంతు చుట్టూ తిరుగుతుంది.

చికిత్స అనగానే జనం భయపడేది పొట్టకు సంచి తగిలిస్తారని. ఒకప్పుడు అంతే. డెట్రాయిట్ సర్జన్ నార్మన్ నిగ్రో ముగ్గురు రోగులకు కోతకు ముందు రేడియేషన్, కీమో కలిపి ఇచ్చిన సంగతి 1974లో ప్రకటించాడు. ఇద్దరికి ఆపరేషన్ చేసి చూస్తే కోసిన ముక్కలో క్యాన్సర్ జాడే లేదు. మూడో ఆయన ఆపరేషన్ వద్దన్నాడు, బాగానే ఉన్నాడు. కత్తి పట్టినవాడే కత్తి అక్కర్లేదని చూపించాడు. సర్జన్‌గా ఈ కథ చెప్పడం నాకు ఎప్పుడూ ఇష్టం. ఇవాళ చాలామందికి ఆ దారే మొదటి చికిత్స.

ముందే పట్టుకునే వీలుందా? ఉంది. యాంకర్ అధ్యయనంలో హెచ్‌ఐవీ ఉండి 35 ఏళ్లు నిండిన, క్యాన్సర్‌కు ముందు దశ మార్పులు కనిపించిన నాలుగు వేల నాలుగు వందల మందికి పైగా తీసుకున్నారు. సగం మందికి ఆ మచ్చల్ని తొలగించారు, సగం మందిని గమనిస్తూ ఉన్నారు. 2022లో ఫలితాలు అచ్చయ్యాయి. తొలగించినవారిలో క్యాన్సర్ 9 మందికి, రెండో వైపు 21 మందికి. ఆ మచ్చలు కనబడాలంటే లోపల వెనిగర్ ద్రావణం అద్ది భూతద్దంతో చూడాలి, దానికి శిక్షణ కావాలి. వేలితో పరీక్షకు మాత్రం ఒక గ్లవ్, కాస్త జెల్లీ, రెండు నిమిషాలు చాలు. ఏఆర్‌టీ సెంటర్‌లో నెలనెలా మాత్రలు లెక్కపెట్టేటప్పుడే “దొడ్డికి పోయినప్పుడు రక్తం పడుతోందా?” అని ఒక్క ప్రశ్న కలిపితే ఖర్చేమీ లేదు.

అడిగినా చెప్పరంటారు. చెప్పకపోవడానికి కారణాలున్నాయి. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టర్‌లో రాయించే చట్టం ఈ నగరంలో పుట్టింది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. నూరేళ్లు రిజిస్టర్ అంటే భయపడినవాళ్లు ఆస్పత్రి రిజిస్టర్‌లో నిజం రాయించాలంటే తేలిక కాదు.

ఇంకో పాత గాయం ఖమ్మం. 2009లో అక్కడ పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా ప్రయోగాత్మకంగా వేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది, కానీ హాస్టల్ వార్డెన్లు తల్లిదండ్రులకు బదులు సంతకాలు పెట్టిన అంగీకార పత్రాలు బయటపడ్డాయి. ఆ కోపం న్యాయమైనదే. మన పత్రికలు దాన్ని ‘గర్భాశయ క్యాన్సర్ టీకా’ అని పిలిచాయి, ఇంకా అలాగే పిలుస్తున్నాయి. అందుకే అది మగపిల్లలకూ పనికొస్తుందంటే, మలద్వార క్యాన్సర్‌నూ ఆపుతుందంటే, చదువుకున్న తండ్రులే నన్ను వింతగా చూస్తారు.

మాటల సంగతికి వచ్చాం కనుక నా తప్పు కూడా చెప్తాను. ఒక పత్రికకు పదిహేనేళ్లు ఆరోగ్య శీర్షిక రాశాను. ఒకసారి ‘మలద్వారంలో పుండు’ అని రాస్తే ‘పెద్దపేగు చివరి భాగంలో పుండు’ అని మార్చి వేశారు. నేను గొడవ పడలేదు. ఆ తర్వాత నేనే అలా రాయడం మొదలుపెట్టాను. పెద్దపేగు వేరు, మలద్వారం వేరు, క్యాన్సర్ వేరు, వైద్యం వేరు. నా వ్యాసం చదివి ఎవరైనా తమ జబ్బును పోల్చుకోలేకపోయి ఉంటే అది నా కలం చేసిన పని. మన సామెతల్లో ఆ శరీరభాగానికి కొదవ లేదు, రచ్చబండ మీద నవ్వుకుంటూ ఎన్నైనా చెప్తాం. డాక్టరు ముందు నోరు పెగలదు, అచ్చులోకి వెళ్తే చెయ్యి ఆడదు.

చెప్పాను కదా, ఆ ట్యూబుల పెద్దమనిషి. రేడియేషన్ ఐదున్నర వారాలు పట్టింది. చర్మం కమిలిపోయి ఏడ్చాడు, మానలేదు. మూడేళ్లయింది. మొన్న చెకప్‌కు వచ్చినప్పుడు కుర్చీలో తిన్నగా కూర్చున్నాడు. డబ్బా మీద లేబుల్ మాత్రం ఇప్పటికీ గీకేసే ఉంది.

ఈ సదస్సు సంచికలో నా ప్రసంగం వేసేటప్పుడు శీర్షికలో ఆ మాట ఉంచమని సంపాదకులను కోరుతున్నాను. ఇక మొదటి పత్ర సమర్పకులు వేదిక మీదికి రావాలి. మైకు కాస్త కిందికి దించండి, వారు నాకంటే పొట్టి.