యోసేపు, యూసుఫ్, జోజప్ప

బాన్సువాడ బజారులో ‘యూసుఫ్ భాయీ’ యని పిలుపు విన్నను, ‘యోసేపన్నా’ యని విన్నను మనకు వేరు పేర్లుగనే తోచును. కథోలికుల జోజప్పతో కలిపి మూడును ఒకే హెబ్రీ నామము, యోసేఫ్. ‘ఇంకను చేర్చును’ అని దాని యర్థము. చిరకాలము బిడ్డలు లేక కుమిలిన రాహేలు, తొలిచూలు కుమారునికి ఈ పేరు పెట్టి, దేవుడు మరియొకని చేర్చునుగాక యని కోరెను. చేర్చెను, ఆ కాన్పులోనే ఆమె కన్నుమూసెను. పేరు పెట్టువేళ ఈ సంగతి మనలో ఎందరు తలతుము?

పేరు వ్యాపించినది కొడుకు వలన. అన్నలు అమ్మివేసిన ఆ బాలుడే ఐగుప్తులో, కరవునాడు, వారికి ధాన్యమిచ్చెను. ఖురానులో 12వ సూరా అతని పేరిటనే యున్నది. జోజప్ప మాత్రము వేరొకరు, మరియమ్మ భర్తయైన వడ్రంగి. 1955లో పన్నెండవ పయస్ పోపుగారు మే 1వ తేదీని, శ్రామికుల దినమునే, ఆయన పండుగగా ప్రకటించిరి.