మందు పనిచేస్తోందా అని ఎవరిని అడగాలి?



చంద్రపూర్, బల్లార్‌పూర్ ప్రాంతాలకు బొగ్గు గనుల పనికీ కాగితం మిల్లు పనికీ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల మధ్య మేము పరిచర్య చేస్తున్నాం. ఈ ఇళ్లలో షుగర్ గురించి, బీపీ గురించి దాపరికం లేదు. మానసిక జబ్బుకు వాడే మందుల మాటెత్తితే మాత్రం అందరూ మౌనం. అందుకే ఈ రోజు వాటి గురించే మాట్లాడుకుందాం.

షుగర్ తగ్గిందో లేదో రక్తపరీక్ష చెబుతుంది. దిగులు తగ్గిందో లేదో చెప్పే రక్తపరీక్ష లేదు. లిథియం వంటి మందు రక్తంలో ఎంత ఉందో కొలవవచ్చు గాని, మనసు ఎంత తేలికపడిందో రోగే చెప్పాలి. వైద్యులు ప్రశ్నావళులు తయారు చేసింది అందుకే. 2001లో ప్రచురితమైన పీహెచ్‌క్యూ-9లో 9 ప్రశ్నలున్నాయి. గత 2 వారాల్లో నిద్ర, ఆకలి, అలసట, ఆసక్తి ఎలా ఉన్నాయి, చావు తలంపులు వచ్చాయా అని అడుగుతారు. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. మొదట 18 ఉన్నది కొన్ని వారాలకు 9కి, అంటే సగానికి దిగితే, మందుకు స్పందన ఉన్నట్టు. 5 కంటే తక్కువకు రావడం లక్ష్యం. తగ్గకపోతే డోసు పెంచాలా, మందు మార్చాలా అని డాక్టరు ఆలోచిస్తారు.

అంటే ఆ అంకె రోగి మాట మీద నిలబడింది. గుండెలో బరువును హిందీలోనో మరాఠీలోనో ఎలా చెప్పాలో తెలియక, మన చెల్లెలు "బాగానే ఉంది" అని వచ్చేస్తే? ఆమె బదులు భర్తే జవాబులు చెబితే? "స్వస్థపడ్డాను" అనే సాక్ష్యం కోసం సంఘమంతా ఎదురుచూస్తుంటే, ఇంకా నిద్రపట్టడం లేదని ఆమె ఎలా చెప్పగలదు?

మార్కు 8వ అధ్యాయంలో బేత్సయిదా గుడ్డివాణ్ణి గుర్తు చేసుకోండి. యేసు అతని మీద చేతులుంచి, చూపు వచ్చిందా అని అతన్నే అడిగాడు. మనుషులు నడిచే చెట్లలా ఉన్నారని అతడు ఉన్నదున్నట్టు చెప్పాడు. ప్రభువు దాన్ని అవిశ్వాసం అనలేదు, మళ్లీ ముట్టాడు. సగం చూపును సగమని చెప్పినందుకే రెండో స్పర్శ దొరికింది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం జబ్బు, చికిత్స, మందుల దుష్ప్రభావాల వివరాలు తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం రోగి హక్కు. ఆ హక్కును అడుగుదాం. నిద్ర, ఆకలి, భయం, నోరెండిపోవడం, ఏదైనా సరే, తెలుగులోనే నోటుపుస్తకంలో రాసుకోమందాం. చదువు రానివారు చెబితే, చెప్పింది చెప్పినట్టు మనం రాసిపెడదాం. ఆసుపత్రికి తోడు వెళ్దాం గాని, వాళ్ల నోరు మనం కాకూడదు. కొన్ని జబ్బుల్లో రోగికి తన మార్పు తెలియదు. అప్పుడు ఇంటివాళ్లు చూసింది కూడా డాక్టరుకు చెప్పాలి. ప్రార్థన చేశామని మందు ఆపమని ఎవరికీ చెప్పవద్దు. చావు తలంపులున్నాయని ఎవరైనా అంటే ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్యం అందేలా చూడండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

వచ్చే ఆదివారం ఎవరైనా "ఇంకా పూర్తిగా బాగవలేదు" అంటే, దాన్నీ సాక్ష్యంగానే విందాం.