కాఫీ కప్పు, కొదమసింహము



సింహము, కాఫీ, ఈ రెండింటిలో దేనికి భయపడతారని అడిగితే మీరు నవ్వుతారు. న్యాయాధిపతులు 14వ అధ్యాయములో తిమ్నాతు ద్రాక్షతోటల దగ్గర సమ్సోనుకు కొదమసింహము ఎదురైంది. గర్జిస్తూ వచ్చింది గనుక శత్రువెవరో అతనికి తెలిసింది. వట్టిచేతులతోనే దానిని చీల్చివేశాడు. అదే సమ్సోను 16వ అధ్యాయములో దెలీలా ఒడిలో నిద్రపోయాడు. అక్కడ గర్జన లేదు. దినదినమూ అదే మాట, అదే గొంతు. చివరకు కన్నులు పోగొట్టుకొని గాజాలో తిరగలి విసిరాడు.

కాఫీ కూడా గర్జించదు, కమ్మని వాసనతో వస్తుంది. త్రాగడం పాపమని నేను చెప్పడం లేదు. అరకు కొండల మీద ఎందరో గిరిజన రైతులు ఆ గింజలు పండించుకొనే బ్రతుకుతున్నారు. అయితే అది చేసే పని తెలిసికోండి. మనం అలసిపోయామని మెదడుకు కబురు చెప్పే పదార్థం ఒకటుంది, దాని పేరు అడినోసిన్. కాఫీలోని కెఫీన్ వెళ్లి దాని చోట కూర్చుంటుంది. అలసట పోదు, కబురు ఆగుతుంది, అంతే. రోజూ త్రాగేవారు ఒక్కసారిగా మానితే 12 నుండి 24 గంటలలో తలనొప్పి, చిరాకు మొదలవుతాయి.

ఉపవాస ప్రార్థనలో పదకొండు గంటలకల్లా, "తల పగిలిపోతోంది పాస్టరుగారూ, సాతాను శోధిస్తున్నాడు" అంటారు కొందరు. సాతాను కాదమ్మా, కాఫీపొడి! వారం ముందునుంచే మూడు కప్పులను రెండు, రెండింటిని ఒకటి చేసికోండి.

తలనొప్పి సంగతి చిన్నది. నాకు బాధ కలిగించేది మరొకటి. కొన్ని విశ్వాసుల ఇళ్లలోనే, ఉదయం కాఫీ పది నిమిషాలు ఆలస్యమైతే ఇంటాయన కేక వీధి చివరికి వినబడుతుంది. పిల్లలు పుస్తకాలు పట్టుకొని గోడవారన నిలబడతారు. "నాన్నగారు కాఫీ త్రాగేదాకా మాట్లాడకండి" అని తల్లి సైగ చేస్తుంది. కాఫీ గర్జించదన్నాను గదా, త్రాగేవానిచేత గర్జింపజేస్తుంది. ఏది చేయడానికైనా తనకు స్వేచ్ఛ ఉన్నా, దేనికీ దాసుడను కానని పౌలు 1 కొరింథీ 6:12లో తీర్మానించుకొన్నాడు. ఆ మాట ఆదివారం చదివి, సోమవారం గ్లాసు విసిరికొడితే ఆ పిల్లలు దేనిని నమ్మాలి?

సోదరులారా, రేపు మీరే ముందు లేచి పాలు కాచండి. డికాషను సరిగా కుదరకపోవచ్చు, ఫరవాలేదు. మొదటి కప్పు ఆమెకివ్వండి. ఆమె త్రాగేదాకా మీరు ఆగండి.

ప్రార్థించుకొందము.