ఇంజనుకు ఇనుప హెడ్డా, అల్యూమినియపు హెడ్డా?



ముప్పది మూడేండ్లు బడిలో తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను నేను. ఇంజనులను గూర్చి మాటలాడుటకు నాకేమి అధికారము కలదని మీరు అడుగవచ్చును. నన్ను ఈ పనిలోనికి లాగినవాడు నా చెల్లెలి కుమారుడు. అతడు అమెరికాలో ఒహాయో రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. పోయిన సంవత్సరము అతడు 1978 నాటి షెవర్లే పికప్ బండి నొకదానిని కొనెను. దానిలోనిది ఎనిమిది సిలిండర్ల ఇంజను. 350 ఘనపుటంగుళములది, అనగా మన లెక్కకు సుమారు 5.7 లీటర్లది. పందెములలో పరుగెత్తించుట అతని ఉద్దేశము కాదు. దినమును వీధిలో నడపుకొనుచునే, కాలు నొక్కినప్పుడు బండి చుఱుకుగా ముందునకు దూకవలెనని అతని ముచ్చట. అందులకై రెండు వేల డాలర్లు కూడబెట్టి, ఒకనాటి రాత్రి ఫోనులో, “మామయ్యా! హెడ్డులు మార్చవలెను. ఇనుపవి వేయుదునా, అల్యూమినియపువి వేయుదునా?” అని అడిగెను. మామయ్య సంస్కృతము చదివినవాడు గనుక లోహములను గూర్చియు ఏదో చదివియుండునని అతని నమ్మకము. మఱునాడు ఉదయము అతని తల్లి నాకు ఫోను చేసి, “అన్నయ్యా, ఆ డబ్బు ఇంటి అప్పునకు కట్టుమని నీవైనను చెప్పుము” అని రహస్యముగా కోరినది.

ఇద్దఱికిని ఏదో ఒకటి చెప్పవలెను గదా! అందుచే రెండు మాసములు పుస్తకములు తిరుగవేసితిని. విజయవాడ ఆటోనగరులో ఇద్దఱు వృద్ధమెకానిక్కుల కడ కూర్చుండి వారు చెప్పినది వింటిని. అందు నాకు బోధపడినంత మీకు విన్నవించెదను.

మన గ్రామములలో ఆయిలు ఇంజనును ఎఱుగని పెద్దలుండరు. కరెంటు రాకముందు బావులకడ అదియే నీరు తోడినది. దాని గుండ్రని బోరులో పిస్టను పైకిని క్రిందికిని ఆడును. ఆ బోరుపై బిగించిన మూతయే హెడ్డు. పుస్తకభాషలో శిరస్సనవచ్చును గాని కార్ఖానాలో అట్లనిన నవ్వుదురు. కావున నేనును హెడ్డనియే అందును. పేరునకు మూతయే గాని ఇంజనులోని కష్టమంతయు దానిదే. పెట్రోలు ఇంజనులో గాలియు పెట్రోలును లోనికి వచ్చు త్రోవ దానిలో కలదు. కాలిన పొగ వెలుపలికి పోవు త్రోవయు దానిలోనే కలదు. వాల్వులు తెఱచుకొని మూసికొనునది అక్కడనే. మంట పుట్టునది దాని కప్పుక్రిందనే. దాని కడుపులో నీరు తిరుగుచు ఆ వేడిని రేడియేటరునకు మోసికొనిపోవుచుండును. నా మేనల్లుని ఇంజనులో సిలిండర్లు రెండు వరుసలుగా నుండుటచే దానికి రెండు హెడ్డులు.

ఇక లోహముల మాట. పోత ఇనుము నీటికంటె ఏడు రెట్లకు పైగా బరువు. అల్యూమినియము మూడు రెట్లకు లోపు. ఐనను అల్యూమినియపు హెడ్డును బలము కొఱకు కొంచెము దళముగా పోయవలసియుండును గనుక, అది ఇనుపదానిలో మూడవవంతు గాక ఇంచుమించు సగము తూగును. ఈ షెవర్లే ఇంజనులో రెండు హెడ్డులును కలిసి బండి ముందుభాగమున సుమారు 20 కిలోల బరువు తగ్గునని చెప్పుదురు. చేతితో ఎత్తి బిగించువానికి ఇది గొప్ప సుఖము. బండికి మాత్రము ఒక బియ్యపు బస్తా దించినంత మేలు; అంతకు మించి ఆశింపరాదు.

వేడి సంగతి ఇంతకంటె ముఖ్యము. దీనిని మన ఆడువారు మనకంటె బాగుగ ఎఱుగుదురు. ఇనుప మూకుడు తీరికగా కాగి, పొయ్యి ఆర్పిన తరువాతను వేడిని వదలదు. సత్తు గిన్నె ఇట్టే కాగి ఇట్టే చల్లారును. (ప్రసంగవశమున ఒక మాట: నేడు పేదవాని ఇంటి గిన్నెగా నున్న ఈ అల్యూమినియము ఒకప్పుడు బంగారముతో సమానముగా చూడబడినది. 1886లో అమెరికాలో హాల్ అనువాడును, ఫ్రాన్సులో హెరూ అనువాడును ఒకరినొకరు ఎఱుగకయే విద్యుచ్ఛక్తితో దానిని చౌకగా తీయు మార్గమును కనిపెట్టిరి. మన దక్షిణదేశమున 1898లో మద్రాసు కళాపాఠశాలలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ దొర అల్యూమినియపు పాత్రల పనిని ప్రారంభించెను.) హెడ్డులకు వాడు అల్యూమినియపు మిశ్రమము పోత ఇనుముకంటె ఇంచుమించు మూడు రెట్లు త్వరగా వేడిని ప్రసరింపజేయును. మంట వేడిని అది వెంటనే నీటికి అప్పగించును.

దానివలన లాభమేమి? ఇంజను బలమునకు మూలము పిస్టను గాలిని ఎంత అదిమిపట్టుననునది. తొమ్మిది పాళ్ల గాలిని ఒక పాలిలోనికి అదిమిన తొమ్మిదికి ఒకటి అందురు. దీనికే కంప్రెషను అని పేరు. ఎంత ఎక్కువ అదిమిన అంత బలము, అంత పొదుపు. కాని మితిమీఱి అదిమినచో, నిప్పురవ్వ అంటించిన మంట వ్యాపించులోపలనే మూలలలోని మిశ్రమము తనంతట తాను భగ్గుమని పేలును. మన మెకానిక్కులు దీనిని నాకింగు అందురు. ఇంజనులో ఎవరో సుత్తితో కొట్టినట్లు టకటక వినిపించును. అట్లే నడపినచో పిస్టనుకు బొక్క పడును. దీనిని అణచుటకే 1921లో మిడ్గ్లీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పెట్రోలులో సీసమును కలుపు ఉపాయమును కనిపెట్టెను. ఆ సీసము పిల్లల మెదళ్లకు విషమని తేలి, అమెరికాలో 1996 నుండి వీధి బండ్లకు నిషిద్ధమైనది. మన దేశమున 2000లో పోయినది. నేడు నాకింగును ఆపుటకు మంచిరకపు పెట్రోలు ఒక దారి, మంటగదిని చల్లగా నుంచుట మఱియొక దారి. అల్యూమినియపు హెడ్డు ఈ రెండవ పనిని చేయును. అందుచే అంగడిలో దొరకు పెట్రోలుతోనే ఇనుప హెడ్డు తొమ్మిది, తొమ్మిదిన్నర కంప్రెషనును సహింపగా, అల్యూమినియపుది పది, అంతకు కొంచెము పైన కూడ సహించునని అనుభవజ్ఞుల లెక్క.

ఇక్కడ ఒక మెలిక కలదు. సహించుట వేఱు, ఇచ్చుట వేఱు. అల్యూమినియపు హెడ్డు తనంతట తాను కంప్రెషనును పెంచదు. పిస్టనులు పాతవే, మంటగది కొలత పాతదే యైనచో, లోహము మార్చినందువలన బలము రాదు. పైగా, సమానమైన కంప్రెషనులో వేడిని నిలుపుకొను ఇనుమే కొంచెము ఎక్కువ బలమిచ్చునని వాదించువారును కలరు. ఆ భేదము వీధిలో నడపువానికి తెలియునంతటిది కాదు గాని వాదమున కర్థము లేకపోలేదు.

అల్యూమినియమునకు దోషములును కలవు. అందొకదానిని నేను కన్నులార చూచితిని. 1991 వేసవిలో మా బావగారి ప్రీమియర్ పద్మిని కారులో శ్రీశైలమునకు బయలుదేరితిమి. ఆ కారునకు అడుగుభాగము ఇనుము, హెడ్డు అల్యూమినియము. దోర్నాల దాటి ఘాటు ఎక్కుచుండగా వేడిముల్లు ఎఱ్ఱగీతను చేరినది. బావగారు ముల్లును చూచియు, పై మలుపువఱకు పోనిమ్మని నడపిరి. పిదప ఆపి, తొందరలో రేడియేటరు మూతను విప్పి కూజాలోని చన్నీళ్లు పోసిరి. ఆవిరి ఎగసి ఆయన ముంజేయి కాలినది. ఇంజను మరల పలికినది గాని వెనుక గొట్టమునుండి తెల్లని ఆవిరి విడువసాగినది. నూనె పుల్లను లాగి చూడగా నూనె మజ్జిగవలె తెల్లబడియున్నది. లారీకి కట్టి మార్కాపురమునకు చేర్చితిమి. అచటి వృద్ధ మెకానిక్కు హెడ్డును విప్పి, దానిపై ఉక్కుబద్దను నిలువుగా నుంచి, “నడుమ వెలుతురు కనబడుచున్నదా, పంతులుగారూ?” అని చూపెను. వెండ్రుకంత సందు. ఆ సందుగుండ నీరు నూనెలోనికి దిగినది. హెడ్డు వంగినది.

వంగుట ఏల? వేడికి అల్యూమినియము ఇనుముకంటె రెట్టింపు సాగును. అడుగున్నర పొడవుగల అల్యూమినియపు హెడ్డు 80 డిగ్రీల వేడి పెరిగినప్పుడు మిల్లీమీటరులో ఎనిమిది పదవవంతులు సాగును. దాని క్రిందనున్న ఇనుపభాగము అందులో సగమే సాగును. రెంటి నడుమ గ్యాస్కెట్టు ప్రతిదినము నలుగుచుండును. బోల్టులు బిగించిపట్టియుండుటచే సాగదలచిన హెడ్డు సాగలేక, వేడి మితిమీఱినప్పుడు విల్లువలె వంగును. అంబాసిడరు కారు పాత పెట్రోలు ఇంజనుకు హెడ్డు ఇనుపది. అది ఇట్టి దెబ్బకు అంత సులభముగా వంగదు. కాని కాగిన ఇనుముపై చన్నీరు పడిన పగులుననుట కమ్మరి ఎఱిగిన సంగతియే. వంగిన అల్యూమినియమును మరపై చదును చేయవచ్చును. పగిలినను ఆర్గాన్ వెల్డింగుతో అతుకవచ్చును. పగిలిన పోత ఇనుమును అతుకవలెననిన మొత్తమును ముందుగా కాచి, అతికి, మెల్లగా చల్లార్పవలెను. అంత చేసినను ప్రక్కన మరల పగులవచ్చును. మా బావగారి హెడ్డు రెండు దినములలో చదునై వచ్చినది. ఆయన ముంజేతి మచ్చ ఇప్పటికిని పోలేదు.

నీటి విషయమున మఱియొక జాగ్రత్త. ఇనుమును అల్యూమినియమును ఒకే నీటిలో తడిసినచో ఆ రెంటి నడుమ స్వల్పమైన విద్యుత్తు పుట్టి అల్యూమినియము తినివేయబడును. ఊరి బోరునీరు పోసినచో త్వరగా చెడును. తుప్పును వారించు ద్రవము కలిపిన నీరే పోయవలెను. ఒహాయోలో చలికాలమున నీరు గడ్డకట్టును గనుక అట్టి ద్రవమును ఎట్లును పోయుదురు; కావున మా వానికి ఈ భయము తక్కువ.

ఇవన్నియు విని, అల్యూమినియము మేలా, ఇనుము మేలా యని మీరడిగిన, నా ఉత్తరము కొంత నిరాశ కలిగింపవచ్చును. లోహముకంటె త్రోవ ముఖ్యము. వాల్వు వెనుకనున్న గాలిత్రోవ ఎట్టి వంపుతో నున్నది, మంటగది ఆకారమెట్టిది యనునవే బలమును నిర్ణయించును. 1960లో షెవర్లేవారు కార్వెట్ అను పరుగుబండికి అల్యూమినియపు హెడ్డులను ప్రకటించి, పోతలో లోపములు తఱచగుటచే మానుకొనిరి. ఆ తరగతి ఇంజనుకు కర్మాగారమునుండి అట్టివి 1986లో గాని రాలేదు. పదేండ్ల తరువాత, 1996లో, వారే తమ ట్రక్కుల కొఱకు వోర్టెక్ అను హెడ్డును పోసిరి. అది ఇనుపదే. ఐనను త్రోవలు చక్కగా తీర్చినందున, 1986 నాటి అల్యూమినియపుదానికంటె గాలిని ఎక్కువగా విడుచునని పేరు తెచ్చుకొన్నది.

కావున నేను మేనల్లునకు ఇట్లు చెప్పితిని: “నాయనా, నీ ఇంజనుకు కంప్రెషను ఎనిమిదింటికి కొంచెము పైన మాత్రమే కలదు. మంటగది చిన్నదిగా నుండు హెడ్డు వేసిన ఒక అంకె పెరిగి తొమ్మిది దాటును. అంతవఱకు ఇనుమే సహించును. పిస్టనులు మార్చు తలంపు లేనప్పుడు అల్యూమినియమునకు సొమ్ము పోయనేల? పాత వోర్టెక్ జత నొకదానిని వెదకుము.” నా శాస్త్రమునకు నేనే మెచ్చుకొంటిని. మా చెల్లెలును సంతసించినది.

అతడు 500 డాలర్లకు ఒక పాత జతను కొని తెచ్చెను. అప్పుడు గాని అసలు లెక్క బయటపడలేదు. వోర్టెక్ హెడ్డునకు పైన బిగించు గాలిగొట్టముల బోల్టులు వేఱు వరుసలో నుండును. అతని పాత గొట్టము దానికి కూర్చుండదు. క్రొత్తది 300 డాలర్లు. వాల్వులను ఎక్కువ ఎత్తునకు లేపవలెననిన స్ప్రింగులు మార్చి, లోపల కొంత కోయవలెను. కూలితో కలిపి 400. ఇంతలో కార్ఖానావారు హెడ్డుపై అయస్కాంతము నుంచి ఇనుపపొడి చల్లి చూడగా, ఒకదానిలో రెండు వాల్వు పీటల నడుమ పొడి గీతవలె నిలిచినది. పగులు! ఈ రకమునకు పలుచని పోతవలన అది తఱచు కలుగు రోగమట. ఇంకొక హెడ్డును వెదకవలెను. అన్నియు కలుపగా 1,400 డాలర్లు దాటుచున్నది. స్ప్రింగులు, వాల్వులు కూర్చి సిద్ధముగా నమ్ము క్రొత్త అల్యూమినియపు జత 1,600. దానికి అతని పాత గొట్టమే సరిపోవును.

నేను పొరబడితిని. లోహమును తూచితిని గాని, దానివెంట రావలసిన వస్తువులను తూచనైతిని. ఆ మాటనే అతనితో అంటిని. పగులులేని హెడ్డును అమ్మి కొంత రాబట్టుకొని, అతడు అల్యూమినియపు జతనే కొనెను. హెడ్డులను విప్పునప్పుడును బిగించునప్పుడును ఇంజను పూర్తిగా చల్లారియుండవలెననియు, బోల్టుల క్రింద గట్టి ఉక్కువాషర్లు వేయవలెననియు, అల్యూమినియపు మరలు మెత్తనివి గనుక స్పార్కుప్లగ్గులను మొదట చేతితోనే త్రిప్పి ఎక్కించి తరువాతనే పానా వేయవలెననియు ఆటోనగరు వృద్ధులు చెప్పిన మూడు సంగతులు అతనికి వ్రాసి పంపితిని. వేడిముల్లు ఎఱ్ఱగీతను తాకిన తక్షణము బండి నాపుమని, మా బావగారి కథయు చేర్చితిని.

ఇంజను ఇంకను కూర్పులోనే యున్నది. పిస్టనులు వచ్చు సంవత్సరము మార్చునట. సొమ్ములో కొంత ఇంటి అప్పునకు కట్టెనని మా చెల్లెలితో చెప్పితిని. ఆమె నమ్మినట్లు లేదు.